దంపతుల వేరు పడక

భార్యాభర్తలు కాపురంలో ఏ పొరపొచ్చమూ లేకుండానే, ఒకే ఇంట్లో వేర్వేరు గదుల్లో నిద్రపోయే ఏర్పాటు ఇది. పత్రికలు ఈమధ్య ‘స్లీప్ డివోర్స్’ అంటున్నది దీన్నే.

బాపట్ల జిల్లా కొల్లూరు, దాని చుట్టుపక్కల తెనాలి, రేపల్లె వైపు డెల్టా పల్లెల్లో ఈ అలవాటు పాతదే. పెంకుటిళ్ళలో మగవాళ్ళు వసారాలోనో అరుగుమీదో నులక మంచం వాల్చుకునేవారు. ఆడవాళ్ళు, పిల్లలు లోపల చాపలు పరుచుకునేవారు. ఎండాకాలం వస్తే పక్కలన్నీ వాకిట్లోకో డాబామీదికో చేరేవి. కుప్పనూర్పిళ్ళ రోజుల్లో రైతు పడక కళ్ళంలోనే. పెళ్ళైన కొత్తలో జంటకు ఒక గది వదిలేవారు. పిల్లలు పుట్టాక తల్లి పిల్లల పక్కన, తండ్రి మళ్ళీ వసారాలో. దాన్ని ఎవరూ కాపురానికి లోటుగా ఎంచలేదు. అయితే అది ఆ ఇద్దరూ కోరుకున్నదీ కాదు. కోడలి పక్క ఎక్కడ వెయ్యాలో చాలా ఇళ్ళలో అత్తగారే చెప్పేది. ఇద్దరూ మాట్లాడుకుని, ఎవరి నిద్ర వారికి దక్కాలని వేరు గది ఎంచుకోవడమే ఇప్పుడు కొత్త.

ఆచారం విడదీసే సందర్భాలు వేరు. వీటిలో ఆషాఢం మొదటిది. పెళ్ళైన మొదటి ఏడు ఆషాఢమాసంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్తారు. ఆ నెలలో గర్భం నిలిస్తే చైత్ర వైశాఖాల మండుటెండల్లో పురుడు వస్తుందన్నది పెద్దలు చెప్పే కారణం. డెల్టాలో దానికి తోడు సేద్యం ఉంది: ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలకు నీళ్ళు వదిలి, నారుమళ్ళు పోసే రోజులవి. ఇంట్లో మగవాడికి తీరిక ఉండదు. ఇక అయ్యప్ప మాల వేసుకున్నవారు మండలం, అంటే 41 రోజులు, బ్రహ్మచర్యం పాటిస్తూ నేలమీద చాప వేసుకుని పడుకుంటారు. విజయవాడ కనకదుర్గమ్మ భవానీ దీక్షలోనూ నియమం ఇలాంటిదే. “స్వామి మాలలో ఉన్నారు” అంటే చాలు, వేరు పడక గురించి ఆ ఇంట్లో ఇంకెవరూ ఆరా తియ్యరు. అదే భార్య తనకు నిద్ర పట్టడంలేదని పక్క గదికి మారితే, “మీ ఇద్దరికీ ఏమైంది?” అన్న ప్రశ్న వస్తుంది. ఈ తేడా న్యాయం కాదు.

ఇప్పటి కారణాల్లో ముందు చెప్పుకోవలసింది గురక. ఏసీ చలి ఒకరికి పడదు, ఫ్యాను లేనిదే ఇంకొకరికి నిద్ర రాదు. రాత్రి డ్యూటీలు, చంటిపిల్లల ఏడుపు సరేసరి. అమెరికా నిద్ర వైద్యుల సంస్థ 2023లో జరిపిన సర్వేలో, మూడో వంతుకు పైగా జనం అప్పుడప్పుడైనా వేరే గదిలో పడుకుంటున్నట్టు తేలింది. తెల్లవారుజామునే లేచి పాలు, పొయ్యి చూసుకోవలసిన ఇల్లాలికి తెగని నిద్ర చిన్న విషయం కాదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్ళీ అందుకోవడం స్లీప్ అప్నియా లక్షణం. నిద్రపోయే మనిషికి అది చాలాసార్లు తెలియదు, పక్కన పడుకున్నవారే ఎక్కువగా గమనిస్తారు. కాబట్టి గది మారేముందు డాక్టరుకు చూపించాలి.

ఎంచుకోవాలంటే రెండో గది ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన ‘పేదలందరికీ ఇళ్ళు’ పథకంలో ఇల్లు 340 చదరపు అడుగులు, పడకగది ఒకటే. తెలంగాణ డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు. పిల్లలు, ముసలివాళ్ళు ఉన్న ఇంట్లో ఆ రెండో గది కూడా భార్యాభర్తల వంతుకు రాదు.

చట్టం పడకగదుల్ని లెక్కపెట్టదు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్, విడిగా ఉంటున్న భార్యనో భర్తనో కాపురానికి రమ్మని కోర్టు ద్వారా అడిగే హక్కు ఇస్తుంది. సినీనటి సరిత కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ.చౌదరి, ఇది మనిషి గోప్యతను, గౌరవాన్ని హరిస్తుందని ఆ సెక్షన్‌ను కొట్టేశారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది. పరస్పర అంగీకారంతో విడాకులు కోరేవారు ఏడాదిపాటు విడిగా ఉండి ఉండాలి. ఈ ‘విడిగా’ అన్నది ఇంటి కప్పును బట్టి కాదని, భార్యాభర్తలుగా బతుకుతున్నారా లేదా అన్నదాన్ని బట్టేనని సురేష్టా దేవి కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక కాపురం సాగుతున్న ఇంట్లో వేరు గదిలో పడుకున్నంత మాత్రాన చట్టం దృష్టిలో విడిపోయినట్టు కాదు.