కలహము నుండి గ్రంథాలయమునకు: కృష్ణా దిగువ డెల్టాలో చరిత్ర వివాదములు

మనకు నచ్చిన పుస్తకమును చదివి, మూసి, పక్కన పెట్టుదుము. నచ్చనిదానిని ఖండింపదలచితిమా, మఱియొక పుస్తకమును తెఱువక తప్పదు. ఒక ప్రాంతమున పఠనాభిరుచి యెట్లు పుట్టినదో విచారించువారు గ్రంథాలయ మహాసభలను, పత్రికాస్థాపనలను లెక్కించుటతో తృప్తి చెందుచున్నారు గాని, ఈ రెండవ పుస్తకమును లెక్కలోనికి దీసికొనుట లేదు. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల సాహిత్యచరిత్రలో దాని పాత్ర స్వల్పమైనది కాదని నా యభిప్రాయము.

కృష్ణాపత్రిక 1902లో బందరున వెలసినది. 1910లో ఆ పట్టణమునందే ఆంధ్ర జాతీయ కళాశాల యేర్పడెను, అయ్యంకి వేంకటరమణయ్యగారు 'ఆంధ్రభారతి'ని వెలువరించిరి. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' తొలిభాగమును ఆ యేటనే విజ్ఞానచంద్రికా మండలి ప్రకటించెను. చదువుటకు కావలసిన సామగ్రి యిట్లు సిద్ధమైనది. ఇక చదివి తీరవలెనను పంతము కావలసియుండెను.

ఆ పంతమును రేపినవారిలో అగ్రగణ్యులు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు. గుడివాడ చేరువనున్న అంగలూరున 1887లో జన్మించి, బందరు నోబులు కళాశాలలో జదివి, డబ్లినునకేగి న్యాయశాస్త్రము నభ్యసించిన యీయన, పురాణేతిహాసములను సాక్షులవలె బోనునకెక్కించి ప్రశ్నించినారు. 'కురుక్షేత్ర సంగ్రామము', 'శంబుకవధ', 'సూతపురాణము' అను కృతులలో ఆయన చేసిన వాదము సారాంశమున నొక్కటియే: మనము భక్తితో వినుచున్న కథలు జయించినవారు వ్రాసికొన్న చరిత్ర. ఆర్యద్రావిడ సంఘర్షణమను చట్రములో సర్వమును బిగించుట ఆయన కాలపు చరిత్రజ్ఞానమునకు గల పరిమితియే యని నేడు చెప్పవచ్చును. అయినను ఆయన తెచ్చిన సాక్ష్యము ప్రతిపక్షుల యింటిలోనిదే యగుట గమనింపవలెను. శంబుకుని వధ వాల్మీకి రామాయణపు ఉత్తరకాండమున నున్నది, లేదనుటకు వీలులేదు. కాబట్టి రాముని పక్షము వహింపదలచినవాడు ముందుగా ఉత్తరకాండమును చదువవలసివచ్చెను. చదివినపిదప, ఆ కాండము ప్రక్షిప్తమా కాదా యను పాఠపరిష్కరణ సమస్యలో దిగవలసివచ్చెను. పురాణశ్రవణముతో కాలము గడపిన గృహస్థునకు మూలగ్రంథముల పాఠభేదములతో పనిపడుట సామాన్యమైన మార్పు కాదు. తదనంతర కాలమున విశ్వనాథ సత్యనారాయణగారు రామాయణ కల్పవృక్షమును యుద్ధకాండముతోనే ముగించినారు. కారణమేదైనను, ఈ వివాద మెఱిగిన పాఠకుడు దానిని గమనింపకపోడు.

ఈ కృష్ణామండలమందే నందమూరున 1895లో జన్మించి, బందరున చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారికి శిష్యుడైన విశ్వనాథవారు ఎదుటి దిక్కునుండి యింతకంటె పెద్ద కలహమునే లేపినారు. ఆయన పురాణవైర గ్రంథమాలలోని పండ్రెండు నవలలకును ఆధారము కోట వేంకటాచలముగారి కాలనిర్ణయము. యవనులు పేర్కొన్న సాండ్రకొట్టసు మౌర్య చంద్రగుప్తుడే యని 1793లో విలియం జోన్సు చేసిన నిర్ణయమును వేంకటాచలముగారు త్రోసిపుచ్చి, అలెగ్జాండరు కాలమునకు గుప్తులను దెచ్చి, బుద్ధుని క్రీస్తుపూర్వము పందొమ్మిదవ శతాబ్దమునకు జరిపినారు. ఈ మతము నిలువదని నా దృఢవిశ్వాసము: అశోకుని పదమూడవ శిలాశాసనమున అంతియోకుడు మొదలుగా, అలెగ్జాండరునకు పిమ్మటివారైన యైదుగురు యవనరాజుల పేర్లు సమకాలికులుగా చెక్కబడియున్నవి. కాని యీ సమాధానము నవలలో దొరకదు. శాసనపాఠమును వెదకికొనవలసిన పని పాఠకునిది. సమర్థింపదలచినవానికిని సుఖము లేదు. వాడు మత్స్య, వాయు, విష్ణుపురాణముల రాజవంశావళులను సరిపోల్చవలెను. నవల చదువుటకు గూర్చున్నవాడు శాసనశాస్త్రపు గడప త్రొక్కుట రచయిత కోరినదో కాదో గాని, పుస్తకముచేత జరుగదగిన పనియే.

దివిసీమలో వివాదము పుస్తకమునకు ముందే నేలమీద నున్నది. ఆంధ్రమహావిష్ణువు వెలసిన శ్రీకాకుళమే ఆంధ్రుల తొలి రాజధాని యని అక్కడి ప్రతీతి. దీనికి ప్రతికూలముగా, ఆంధ్రరాజులుగా చెప్పబడు శాతవాహనుల స్వస్థలము బళ్లారి ప్రాంతమనియు, వారిని ఆంధ్రులనుటయే సందేహాస్పదమనియు పరిశోధకులు సుక్తంకరుగారు వాదించినారు. ఊరి గౌరవమును నిలుపదలచిన యువకునికి స్థలపురాణము చాలదు. శాతవాహనిహారమను దేశవిభాగమును పేర్కొన్న మ్యాకదోని శాసనమును, దానికెదురుగా శాతవాహనులను ఆంధ్రులుగా పరిగణించు పురాణవంశావళులను అతడు చూడక తప్పదు. పొరుగుననే యున్న ఘంటసాలను కంటకోస్సిలగా గుర్తించుటకు మూలమైన టాలెమీ భూగోళమును తిరుగవేయక తప్పదు. ఘంటసాల బౌద్ధస్తూపము ఈ సీమ ప్రాచీనవైభవమునకు నిస్సంశయమైన సాక్ష్యము, కాని రాజధానిని గూర్చి యది పలుకదు. వైభవమును రాజధానీత్వముగా చెలామణి చేయుట మన చరిత్రకారులకు పాత యలవాటు; ఆ రెంటిని వేరుచేయు యువకుడు, తన యూరి పక్షమున వాదించుచునే, వారికంటె నొక యడుగు ముందున్నాడు.