దేవదాసు గడ్డం, పార్వతి నుదుటి మచ్చ

మా ఊళ్ళో ఎవరైనా నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే, "ఏరా, దేవదాసువైపోయావా?" అనేవాళ్ళు. నవల పేరైనా విననివాళ్ళు కూడా అనేవాళ్ళు. అందులో కాస్త జాలి, కాస్త మురిపెం. మామూలుగా తాగి చెడినవాడికి ఆ మర్యాద ఉండేది కాదు.

1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమా, నాగేశ్వరరావు బరువెక్కిన కళ్ళు, సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు. ఆ మర్యాద వాటి చలవే. నేనూ ఆ మత్తులో పెరిగినవాణ్ణే. శరత్ నవల డిగ్రీ చదివేటప్పుడు చేతికొచ్చింది. చదివాక ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

జరిగిన వరస చూడండి. పరువు పక్కనబెట్టి అర్ధరాత్రి అతని గదికి వచ్చింది పార్వతి. పెద్దలు కాదనగానే కలకత్తా వెళ్ళిపోయి, నీ మీద నాకంత ప్రేమ ఉందని ఎప్పుడూ అనుకోలేదంటూ ఉత్తరం రాసింది దేవదాసు. తర్వాత పశ్చాత్తాపపడి తిరిగొచ్చాడు, నిజమే. రేవు దగ్గర ఆమె ఒప్పుకోకపోతే గాలపు కర్రతో నుదుటి మీద కొట్టాడు! కులం, అంతస్తు, పెద్దల పట్టుదల, అన్నీ ఉన్నాయి. కానీ ఆ ఉత్తరం మాత్రం ఎవరూ అతని చేత రాయించలేదు.

అక్కణ్ణించి అతను వెంటాడింది తలసోనాపూర్‌లో తనతో ఆడుకున్న పిల్లని. అసలు పార్వతి హాతీపోతాలో, ఎదిగిన పిల్లలున్న భర్త ఇంట్లో, సంసారం చక్కబెట్టుకుంటోంది. తాగుడు మానమని ఆమె అడిగితే మానలేదు. చచ్చేలోపు ఒకసారి మీ ఇంటికొస్తానని మాత్రం మాటిచ్చాడు. ఎంత సుఖమైన మాటో! చంద్రముఖి అతని కోసం వృత్తే వదిలేసింది. ఆమె మీద మమకారం పుట్టినా, అతని బండి చివరికి హాతీపోతా వైపే తిరిగింది.

సినిమాల్లో పార్వతి పరుగెత్తుకొస్తుంటే తలుపు మూసుకుంటుంది, హాలంతా ఏడుస్తుంది. నవలలో ఆ ఓదార్పు లేదు. ఆమెకి తెలిసేసరికే శవాన్ని తీసుకుపోయి సగం సగం కాల్చి వదిలేశారు. శరత్ దీన్ని ఇరవైల్లో రాశాడు. తర్వాత సిగ్గుపడి, అచ్చు వేయొద్దని మిత్రుడికి ఉత్తరం కూడా రాశాడు. అయినా 1917లో పుస్తకం వచ్చింది. సిగ్గెందుకో నాకర్థం కాదు. ఆ చావుని అంత అనాథగా రాసిన చెయ్యి మత్తులో ఉన్నది కాదు.

మా బంధువుల్లో ఒకాయన పెళ్ళికి ముందు ప్రేమ విఫలమైందని ముప్పయ్యేళ్ళు తాగాడు. "పాపం, దేవదాసు" అనేవాళ్ళు ఇంట్లో. ఆయన్ని కట్టుకున్నావిడ మిషను కుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించింది. ఈమధ్య ఆవిణ్ణి అడిగాను, ఆ సినిమా చూశావా అత్తా అని. "పాటలు బావుంటాయిరా" అని, సూదిలోకి దారం ఎక్కించమని నా చేతికిచ్చింది.