అరసవల్లి నుంచి ఒక్క రోజులో హాలెండ్

ఈ మధ్య మీ ఫోన్లోకి కూడా ఈ రీల్స్ వచ్చే ఉంటాయి. పొద్దున్నే ఆమ్‌స్టర్‌డామ్‌లో బయల్దేరి హోర్న్, ఎన్క్‌హైజెన్, హిండెలోపెన్ లాంటి చిన్న ఊళ్ళకి ఒక్క రోజు ట్రిప్ వేయడం. ఇళ్ళ పక్కనే కాలువలు, చెక్క వంతెనలు, గుమ్మం ముందు పడవలు. చూస్తే ఎవరికైనా వెళ్ళాలనిపిస్తుంది కదా! ఈరోజు నేను చెప్పేది ఆ ఊళ్ళ గురించే. కానీ మనం బయల్దేరేది అరసవల్లి నుంచి. ఎందుకంటారా? ఆ ఊళ్ళ అందంలో మన తీరం గుడ్డ కూడా ఉంది.

కథ 1602లో మొదలవుతుంది. ఆ ఏడాది డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. దానికి ఆరు ఊళ్ళలో శాఖలు. ఆమ్‌స్టర్‌డామ్, మిడిల్‌బర్గ్, డెల్ఫ్ట్, రాటర్‌డామ్, హోర్న్, ఎన్క్‌హైజెన్. అంటే మీరు రీల్‌లో చూసిన హోర్న్, ఎన్క్‌హైజెన్ అప్పట్లో ఓడల్ని నింపి పంపిన రేవులు.

వాళ్ళకి కావాల్సింది జాజికాయ, జాపత్రి, లవంగం. అవి ఇప్పటి ఇండోనేషియా దీవుల్లో దొరికేవి. అయితే అక్కడి జనానికి యూరప్ సరుకు మీద పెద్దగా మోజు లేదు. వాళ్ళు అడిగింది మన కోరమాండల్ తీరం బట్ట. దాంతో డచ్ వాళ్ళు ఇక్కడ గుడ్డ కొని, అక్కడ మసాలా దినుసులకి మార్చుకోవడం మొదలెట్టారు. 1606 నాటికి మచిలీపట్నంలో, నిజాంపట్నంలో దిగారు. 1610లో పులికాట్ చేరారు. తర్వాత ఉత్తరంగా మన భీమునిపట్నం దాకా వచ్చారు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఓడలకి అనువుగా ఉండేది. ఇప్పుడక్కడ మిగిలినవాటిలో చూడాల్సింది డచ్ సమాధుల తోట. హాలెండర్స్ గ్రీన్ అంటారు. 17వ శతాబ్దం నుంచి ఉన్న సమాధులవి. రాళ్ళ మీద పేర్లు, తేదీలు చెక్కి ఉంటాయి. ఎక్కడో చలిదేశంలో పుట్టి, మన ఉప్పుగాలిలో చనిపోయిన మనుషులు. 1824లో ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం కుదిరి, 1825లో డచ్ వాళ్ళు ఈ ఊరిని అప్పగించేశారు.

ఇప్పుడు హిండెలోపెన్‌కి వెళ్దాం. వెయ్యి మంది కూడా లేని ఊరు. కానీ అక్కడి ఆడవాళ్ళ పాత సంప్రదాయ దుస్తులు చూస్తే మనకి గుండె ఝల్లుమంటుంది. పొడవాటి కోటు, దాని మీద పూలు, తీగలు. అది కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన అద్దకం గుడ్డ! మన కలంకారీకి చుట్టం. డచ్ భాషలో దాన్ని 'సిట్స్' అంటారు. శుభకార్యానికి ఎర్రది, సంతాపానికి నీలం తెలుపుది వేసుకునేవారు. అక్కడికి దగ్గర్లోని లేవార్డెన్ ఊళ్ళో ఫ్రీస్ మ్యూజియం ఇలాంటి బట్టల్ని జాగ్రత్తగా దాచింది.

ఆ రంగు ఊరికే రాలేదు. గుడ్డని కరక్కాయ కషాయం, గేదె పాలు కలిపి నానబెట్టాలి. ఎరుపుకి చిరివేరు, నీలానికి నీలిమందు. ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోదు. యూరప్‌లో అప్పటికి ఈ విద్య తెలిసినవాళ్ళు లేరు.

మరి ఆ గుడ్డ నేసినవాళ్ళ సంగతి? దళారులు ముందుగా బయానా ఇచ్చేవారు. అది తీసుకున్నాక నేతగాడు ఆ దళారికే నెయ్యాలి. ఇంకా చేదు నిజం ఒకటుంది. కరువు కాలాల్లో తిండి లేక అమ్ముడుపోయిన మనుషుల్ని కూడా ఈ కంపెనీ కోరమాండల్ తీరంలో కొని, బానిసలుగా ఓడలెక్కించింది. 1621లో బాందా దీవుల్లో జనాన్ని ఊచకోత కోయించిన యాన్ పీటర్‌జూన్ కూన్ హోర్న్ ఊరివాడే. ఆ ఊరి నడిబొడ్డున అతని విగ్రహం ఉంది. దాన్ని ఉంచాలా తీసేయాలా అని అక్కడివాళ్ళే వాదించుకుంటున్నారు.

నన్ను కుదిపేసే విషయం ఒక్కటే. వ్యాపారం చేసినవాడి పేరు భీమిలిలో రాయి మీద ఉంది. గుడ్డ వేసుకున్నావిడ కోటు మ్యూజియంలో ఉంది. నేసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

సరే, ట్రిప్ ప్లాన్ చెప్తాను. పొద్దున్నే అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనం చేసుకోండి. పక్కనున్న శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అనేవారు. సన్నటి మస్లిన్ గుడ్డకి ఆ పేరు ప్రసిద్ధి. హైవే మీద రణస్థలం, భోగాపురం దాటి, తగరపువలస దగ్గర తిరిగితే భీమిలి. సుమారు రెండు గంటలు. సమాధుల మీద పేర్లు చదవండి, వాటి మీద ఎక్కి సెల్ఫీలు మాత్రం వద్దు. తిరిగొచ్చేటప్పుడు చిలకపాలెం దగ్గర లోపలికి తిరిగి పొందూరు వెళ్ళండి. అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, సన్నటి ఖద్దరుకి నూలు వడుకుతారు. డచ్ వాళ్ళు వెళ్ళిపోయి 200 ఏళ్ళయింది, మన మగ్గం ఇంకా ఆడుతోంది. వీలైతే ఒక పంచో తువ్వాలో కొనండి.

కొనేటప్పుడు ఒక్క పని చేయండి. నేసినవాళ్ళ పేరు అడిగి, కింద కామెంట్లో రాయండి. ఈసారైనా ఆ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఉంటాను మరి.