కారుకు కంపెనీ తరహా ఫాగ్ లైట్ల అమరిక

ఫాగ్ లైట్లు లేకుండా అమ్మిన కారుకు, అదే కారు టాప్ మోడల్‌లో ఉన్నట్టే లైట్లు, వాటి చుట్టూ ఉండే బెజెల్, స్విచ్, వైరింగ్, ఫ్యూజు తెచ్చి బిగించడాన్ని కంపెనీ తరహా అమరిక అంటారు. బంపర్‌కు క్లాంపులు వేసి తగిలించే అదనపు లైట్లు ఈ కోవలోకి రావు. భారతదేశంలో ఈ పనికి గిరాకీ రావడానికి కారణం వేరియంట్ల పద్ధతి. ఒకే కారును నాలుగైదు ధరల్లో అమ్మేటప్పుడు కింది వేరియంట్లలో కోతపడే వస్తువుల్లో ఫాగ్ లైట్లు తరచూ ఉంటాయి. బంపర్ అచ్చు మాత్రం చాలా కార్లలో అన్నిటికీ ఒకటే. అందుకే లైటు ఉండాల్సిన చోట నల్ల ప్లాస్టిక్ మూత పెట్టి పంపుతారు. ఆ మూత చూసినప్పుడల్లా యజమానికి ఏదో వెలితి. యాక్సెసరీస్ షాపులకు అదే బేరం.

ఫాగ్ లైటు చేసే పని

పొగమంచులోని నీటి తుంపర్ల వ్యాసం కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల దాకా ఉంటుంది. హెడ్‌లైటు కాంతి వాటిమీద పడి చెదిరి, కొంత డ్రైవరు కళ్లలోకే తిరిగి వస్తుంది. మంచులో హైబీమ్ వేస్తే ఎదుట తెల్లగోడ లేచినట్టుండేది ఇందువల్లే. ఫాగ్ లైటును నేలకు దగ్గరగా అమర్చి, కాంతి పైకి పోకుండా గీత గీసినట్టు కోసి, పక్కలకు వెడల్పుగా పరుస్తారు. దాంతో రోడ్డు అంచు, తెల్లగీత, మలుపు మొదలయ్యే చోటు కనిపిస్తాయి. దూరం మాత్రం కనిపించదు. లంబసింగి, అరకు ఘాట్లలో శీతాకాలపు తెల్లవారుజామున నెమ్మదిగా దిగే బండికి ఇది అక్కరకొస్తుంది, వేగంగా పోదామనుకునే బండికి కాదు.

పసుపు కాంతి మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం బలమైనదే గానీ దానికి ఆధారం తక్కువ. కాంతి తరంగదైర్ఘ్యంతో పోలిస్తే మంచు తుంపర్లు చాలా పెద్దవి కాబట్టి అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. నీలం తగ్గిన కాంతి కంటికి కాస్త హాయిగా ఉంటుంది, అంతే. ఫ్రాన్స్‌లో 1993 దాకా హెడ్‌లైట్లే పసుపు రంగువి.

నిబంధనలు

ముందు ఫాగ్ లైటు కాంతి ఎలా ఉండాలో ఐక్యరాజ్యసమితి 19వ రెగ్యులేషన్, దాన్ని బండికి ఎలా అమర్చాలో 48వ రెగ్యులేషన్ చెబుతాయి. లైటు నేలకు 250 మిల్లీమీటర్ల కంటే కిందికి, కార్లలో 800 మిల్లీమీటర్ల కంటే పైకి ఉండకూడదు. బండి అంచు నుంచి 400 మిల్లీమీటర్లకు మించి లోపలికి జరగకూడదు. పార్కింగ్ లైట్లు వెలిగితేనే ఇవి వెలగాలి, కానీ హైబీమ్‌తో, డిమ్‌తో ముడి లేకుండా విడిగా వేయడానికీ ఆర్పడానికీ వీలుండాలి. అచ్చంగా కంపెనీ అమరికకూ షాపు అమరికకూ తేడా బయటపడేది ఇక్కడే. కారు ఆపి తాళం తీసేసినా వెలుగుతూనే ఉండి, తెల్లారేసరికి బ్యాటరీని దింపేసే లైట్లు బంపర్‌లో ఎంత అందంగా కూర్చున్నా కంపెనీ తరహావి కావు.

బిగింపు

కొన్ని కార్లలో లైటు ఉన్నా లేకున్నా వైర్లు బంపర్ వెనక దాకా వచ్చి, కనెక్టర్ టేపు చుట్టుకుని ఉంటుంది. ముందు అది ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే పని సగం అయినట్టే. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు నాలుగు ఊడదీస్తే చెయ్యి లోపలికి పోతుంది. కొన్నిటికి బంపర్ మొత్తం దించక తప్పదు. మూతను లోపలి నుంచి లాకులు నొక్కి తీయాలి. బయటి నుంచి స్క్రూడ్రైవరుతో పెకలిస్తే ముందు ఊడేది రంగు.

వైర్లు లేని కారుకు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, కావాలి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు రిలేలో 30వ పిన్నుకు, లైట్లకు పోయేది 87కు. 85, 86 పిన్నులు కాయిల్‌వి. ఒకటి ఎర్త్‌కు, రెండోది పార్కింగ్ లైటు సరఫరా నుంచి స్విచ్ మీదుగా వచ్చే వైరుకు. 55 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల మీద 9 ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతాయి. దాన్ని హెడ్‌లైటు వైరు మీద జాయింటు కొట్టి తీసుకుంటే వైరు వేడెక్కుతుంది, కనెక్టరు కరుగుతుంది. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే వైరును రబ్బరు గ్రామెట్ గుండానే తేవాలి. రేకు అంచుకు రాసుకుంటే తొడుగు తెగి షార్ట్ అవుతుంది.

స్విచ్ సంగతి కారును బట్టి మారుతుంది. చాలా జపాన్, కొరియా కార్లలో స్టీరింగ్ పక్కనున్న కాంబినేషన్ స్విచ్‌నే ఫాగ్ రింగు ఉన్నదానితో మార్చాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీది గుండ్రటి స్విచ్‌ను బయటికి లాగితే ఫాగ్ లైటు వెలుగుతుంది. వాటిలో వైర్లు కలిపినంత మాత్రాన పని అయిపోదు. కారులోని కంట్రోల్ మాడ్యూల్‌కు ఫాగ్ లైట్లు ఉన్నాయని డయాగ్నస్టిక్ పరికరంతో కోడింగ్ చేయాలి. అప్పుడే మీటర్లలో పచ్చ గుర్తు కూడా వెలుగుతుంది.

బల్బుల దగ్గర ఒక చిక్కుంది. హెచ్8, హెచ్11, హెచ్16 బల్బుల అడుగు చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటుంది. వాట్లు మాత్రం వరసగా 35, 55, 19. 19 వాట్లకు చేసిన ప్లాస్టిక్ డొప్పలో వెలుగు పెరుగుతుందని 55 వాట్లది బలవంతంగా దూరిస్తే రిఫ్లెక్టరు మాడుతుంది. హాలోజెన్ డొప్పలో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారి, పైన ఉండాల్సిన కోత చెరిగిపోతుంది. షాపులో తెల్లగా మెరిసేది రోడ్డు మీద ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.

చివరగా గురి సరిచూడాలి. సమతలం మీద గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపితే, కాంతి పై అంచు లైటు మధ్యభాగం ఎత్తు కంటే సుమారు 20 సెంటీమీటర్లు కిందికి పడాలి. తొందరలో షాపులు వదిలేసేది ఈ పనినే.

చట్టం, వాడకం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఫాగ్ లైట్లు ఆర్‌సీలో రాసే వివరం కాదు. అయితే వైరింగ్ కోసి చేసిన పని వల్ల లోపం వస్తే ఆ భాగానికి వారంటీ నిరాకరించవచ్చు. కాబట్టి వారంటీ ఉన్న కారుకు కంపెనీ జెన్యూన్ కిట్‌ను డీలరు దగ్గరే బిగించుకుని బిల్లు దాచుకోవడం మేలు.

మంచు లేని రాత్రి ఊళ్లో ఫాగ్ లైట్లు వేసుకు తిరగడం మన దగ్గర మామూలైపోయింది. బ్రిటన్ హైవే కోడ్ ప్రకారం చూపు బాగా తగ్గినప్పుడు, అంటే సాధారణంగా 100 మీటర్లకు మించి కనిపించనప్పుడు తప్ప వీటిని వెలిగించకూడదు.