ప్లానుకు ముందే వచ్చిన జనం

మన తెలుగు సంఘం జూబిలీ సంచికకు ఊరి చరిత్ర మీద ఒక వ్యాసం కావాలన్నారు. జంషెడ్‌పూర్ ఉక్కు గురించీ, కొలుముల గురించీ, టాటాల దూరదృష్టి గురించీ ఇప్పటికే బోలెడు రాశారు. నేను ఇళ్ల గురించి రాస్తాను. ఈ ఊళ్లో ఉక్కు మీద కన్నా ఇళ్ల మీదే ఎక్కువ తగవులు నడిచాయి.

దేశంలో తొలినాళ్ల ప్రణాళికా నగరాల్లో మనది ఒకటని ఎక్కడ చూసినా రాస్తారు. నిజమే. అయితే ముప్పై అయిదేళ్లలో నాలుగుసార్లు ప్లాను గీయించుకున్న ఊరు కూడా ఇదే. మొదటిది సరిపోయి ఉంటే రెండోది ఎందుకు? నాకు తోచిన జవాబు ఒక్కటే. ప్రతిసారీ జనం ముందు వచ్చారు, ప్లాను తర్వాత వచ్చింది. వచ్చేలోగా జనం తమ గోడలు తామే లేపుకున్నారు.

జంషెట్జీ టాటా 1902లో కొడుకు దొరాబ్‌కు రాసిన ఉత్తరం మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. వీధులు వెడల్పుగా ఉండాలి, నీడనిచ్చే చెట్లు నాటాలి, వాటిలో సగం త్వరగా ఎదిగేవి కావాలి, ఆటస్థలాలుండాలి, గుడికీ మసీదుకూ చర్చికీ చోటు విడిచిపెట్టాలి. అప్పటికి కార్ఖానా ఎక్కడ పెడతారో ఆయనకే తెలియదు. 1904లో ఆయన పోయారు. 1907లో కంపెనీ రిజిస్టరయింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటుకు దగ్గరలోని సాక్చీ గ్రామాన్ని ఎంచుకుని 1908లో పని మొదలుపెట్టారు. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె వచ్చింది. ఊరి నక్షా కూడా ఆ రోజుల్లోనే తయారైంది. గీసింది పిట్స్‌బర్గ్ ఇంజినీరు జూలియన్ కెన్నెడీ సంస్థ. అమెరికా పట్నాల మాదిరిగా నిలువు గీతలు, అడ్డ గీతలు. కార్ఖానాకు ఉత్తరాన, నార్దర్న్ టౌనులో తెల్ల ఆఫీసర్లకు బంగళాలు వచ్చాయి. 1911 జనాభా లెక్కల్లో ఇక్కడున్నది ఆరు వేల లోపు మంది, కాబట్టి ఆ నక్షా అప్పటికి చాలినట్టే కనిపించి ఉండాలి.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మెసపొటేమియాకూ తూర్పు ఆఫ్రికాకూ ఇక్కడి నుంచి రైలు పట్టాలు వెళ్లాయి. ఆ కృతజ్ఞతతోనే 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. కార్ఖానాను పెద్ద ఎత్తున విస్తరించడం మొదలుపెట్టారు. 1921 లెక్కల నాటికి ఊరి జనం యాభై ఏడు వేలు దాటారు. పదేళ్లలో పది రెట్లు! ఇంతమందికి ఇళ్లు ఎవరు కట్టారు? చాలామట్టుకు ఎవరికి వాళ్లే కట్టుకున్నారు. మట్టి గోడ, పెంకు కప్పు, వాలు ఎటుంటే అటు పారే మురుగు.

మన తెలుగువాళ్లు రావడం ఈ కాలంలోనే ఊపందుకుంది. అప్పటి గంజాం, విశాఖ జిల్లాల పల్లెల్లో వానలు మొహం చాటేస్తే దారులు రెండు. ఓడెక్కి రంగం (రంగూన్) పోవడం, లేదా బెంగాల్ నాగపూర్ రైల్వే బండెక్కి ఖరగ్‌పూర్ మీదుగా కాళీమాటిలో దిగడం. రైలు దారికి ఖర్చు తక్కువ, పండక్కి తిరిగి ఊరికి పోవచ్చు. ఒకడు కుదురుకుంటే వాడి పేరు చెప్పుకుని బావమరిది వస్తాడు, వాడి వెనక ఊరిలో సగం వీధి వస్తుంది. ఏ పేటలో ఏ ఊరివాళ్లు ఎక్కువో మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పగలరు.

రెండో ప్లాను గీసిన ఎఫ్.సి. టెంపుల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. నలుగురిలో నాకు ఎక్కువ గౌరవం ఆయన మీదే. బీహార్-ఒరిస్సా ప్రభుత్వంలో ప్రజారోగ్య ఇంజినీరుగా పనిచేసి, 1919–20లో ఇక్కడి పట్టణ ఇంజినీరయ్యాడు. నీరు పల్లానికి పోతుంది, గీతలు చూసి ఆగదు. కెన్నెడీ గీతలు నేల ఎత్తుపల్లాలను పట్టించుకోలేదు. టెంపుల్ నేలను చూసి రోడ్లను మెరక మీదికి, మురుగు కాలువలను వాగుల వెంట పల్లానికి తెచ్చాడు. మరుగుదొడ్డి ఎక్కడ, నీళ్లు ఎక్కడ అన్న దగ్గర నుంచి ఇంటి లెక్క మొదలుపెట్టాడు. ఆదివాసీల ఇళ్ల వరుసలు బారక్సులా ఉంటే వాళ్లకు నచ్చవని గ్రహించి, మధ్యలో ఖాళీ జాగా విడిచి చుట్టూ షట్కోణాకారంలో గుడిసెలు వచ్చేట్టు గీశాడు. ఆ కాలానికి అది గొప్ప ఆలోచన. అయితే ఆదివాసీలది వేరే చోటు అన్న లెక్కను ఆయన కూడా మార్చలేదు.

ఆ రోజుల్లోనే కంపెనీ లండన్ నుంచి సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ వంటి సామాజికవేత్తల సలహా తీసుకుంది. కూలీల సంక్షేమానికి అంత దూరం సలహా అడిగిన కంపెనీ ఇంకొకటి అప్పట్లో మన దేశంలో ఉందా అంటే నాకు అనుమానమే. ఎనిమిది గంటల పనిదినం 1912లోనే ఇచ్చింది కూడా ఇదే. 1924లో ఊరికి నోటిఫైడ్ ఏరియా కమిటీ వచ్చింది. నీళ్లు, కరెంటు, చెత్త మాత్రం కంపెనీ చేతుల్లోనే ఉన్నాయి. ఎన్నికైన మున్సిపాలిటీ కోసం కోర్టు మెట్లెక్కిన కథ వేరే వ్యాసానికి చాలు.

1936లో మేజర్ స్టోక్స్ మూడో ప్లాను గీశాడు. ఆరేడేళ్లు గడిచాయో లేదో, రెండో ప్రపంచ యుద్ధం దాన్ని కూడా చిన్నది చేసింది. 1941 లెక్కల్లో లక్షన్నరకు చేరువయ్యాం. అప్పుడు మైసూరు సంస్థానం నుంచి ఒట్టో కోనిగ్స్‌బర్గర్‌ను పిలిచారు. నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో మైసూరు చేరిన జర్మన్ యూదు వాస్తుశిల్పి ఆయన. ఊరిని మొత్తంగా కాక పేటలు పేటలుగా చూశాడు. ప్రతి పేటకూ దాని బడి, దాని అంగడి, దాని ఆటస్థలం; పిల్లవాడు పెద్ద రోడ్డు దాటకుండా బడికి పోవాలి. తర్వాత భువనేశ్వర్‌కు ప్లాను వేసింది ఆయనే. ఢిల్లీలో ఫ్యాక్టరీలో అచ్చుపోసిన గోడలతో ఇళ్లు కట్టించబోయి చేతులు కాల్చుకుందీ ఆయనే. సిధ్‌గోరా, బారీడీల వైపు నడిచి చూస్తే పేటలోనే బడీ మైదానమూ ఉండాలన్న లెక్క ఎలాంటిదో తెలుస్తుంది.

ఇక కంపెనీ ఇచ్చే క్వార్టరు. ఈ ఊరి జీవితంలో దాని స్థానం బయటివాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు. ఇళ్లకు అక్షరాన్నీ అంకెనూ కలిపిన పేర్లు, ఎల్-4, ఎల్-5 అంటూ. గ్రేడు పెరిగితే అక్షరం మారుతుంది, సర్వీసు పెరిగితే జాబితాలో పేరు పైకి జరుగుతుంది. ఫలానా ఆయన ఏ టైపు క్వార్టరులో ఉంటున్నాడో చెబితే జీతం అడగనక్కర్లేదు. పెళ్లి సంబంధాల్లో ఉద్యోగం తర్వాతి ప్రశ్న అదే. అద్దె నామమాత్రం, కుళాయిలో నీళ్లు, పోని కరెంటు. పెరట్లో మనవాళ్లు కరివేపాకు మొక్క, మునగ చెట్టు వేశారు. పక్కింటి బీహారీ అమ్మ మునక్కాయలతో ఏం చేయాలో మన అమ్మలను అడిగి నేర్చుకుంది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం మనవాళ్ల కూడలి అయింది. కద్మా, సోనారీ, టెల్కో ఎక్కడున్నా పండక్కి అందరూ అక్కడే.

అయితే క్వార్టరు కొలువుతో పుట్టి కొలువుతో పోతుంది. పదవీ విరమణ నాడు పూలదండ మెడలో పడ్డ క్షణం నుంచి ఇల్లు ఖాళీ చేయడానికి రోజులు లెక్క. దానికి మందుగా చాలాకాలం ఒక వెసులుబాటు ఉండేది. పాత ఉద్యోగి కొడుక్కి కంపెనీలో పని. కొడుక్కి పని దొరికితే ఇల్లు ఏదో రూపంలో కుటుంబానికే మిగులుతుంది. 1990లలో ఉద్యోగాలు తగ్గించడం మొదలయ్యాక ఆ గొలుసు తెగింది. ముప్పై ఏళ్లు ఒకే గుమ్మంలో ముగ్గు పెట్టిన ఇల్లాలు సామాను సర్దుకోవడం మన ఇళ్లలో అందరం చూశాం.

ఇది మన ఊరికే వచ్చిన చిక్కు కాదు. షికాగో పక్కన జార్జ్ పుల్‌మన్ రైలు పెట్టెల కంపెనీకి చక్కటి ఊరు కట్టించాడు. తర్వాత జీతాలు కోసి, ఇంటి అద్దెలు మాత్రం తగ్గించలేదు. 1894లో అమెరికా చరిత్రలోని పెద్ద సమ్మెల్లో ఒకటి అక్కడే పుట్టింది. యజమానీ ఇంటి యజమానీ ఒక్కడే అయితే పనివాడికి పోట్లాడే చోటు మిగలదు. దీనికి సింగపూర్ మరో దారి పట్టింది. 1960లో హౌసింగ్ బోర్డు పెట్టి, 1964 నుంచి ఆ ఫ్లాట్లను కాపురమున్నవాళ్లకే అమ్మింది. భూమి ప్రభుత్వానిదే, లీజు తొంభై తొమ్మిదేళ్లు. అయినా కొలువు పోతే ఇల్లు పోదు. మన దగ్గర ఆ తరహా ప్రయత్నం నది అవతల, ఆదిత్యపూర్‌లో జరిగింది. బీహార్ హౌసింగ్ బోర్డు అక్కడ రోడ్లకు నంబర్లిచ్చి, రాబడిని బట్టి ఇళ్లు కట్టి వాయిదాల మీద ఇచ్చింది. కట్టడం అంతంత మాత్రం, నీళ్ల కటకట నిత్యం. అయినా విరమణ డబ్బు చేతికొచ్చిన మనవాళ్లలో కొందరు ఖర్కాయి వంతెన దాటింది అందుకే. కాగితం తమ పేరున ఉంటుంది.

కంపెనీలో పర్మనెంటు కానివాళ్ల సంగతి? ఠేకేదారు దగ్గర కూలీలు, రిక్షావాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, దుకాణాల గుమాస్తాలు... నాలుగు ప్లానులూ వీళ్లను ఏ మూలో లెక్కపెట్టాయి తప్ప ఇల్లు ఇవ్వలేదు. వీళ్లు బస్తీలు కట్టుకున్నారు. బిర్సానగర్, బాగున్‌హాతు, భుయాడీ, ఇలా పేర్లు పెరిగి 86 బస్తీలు అన్న మాట స్థిరపడింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ అంకె గోడల మీద కనిపిస్తుంది. ఊరి శుభ్రత చూసి మురిసిపోయే అతిథులను మనం జూబిలీ పార్కుకు తీసుకెళతాం, బిర్సానగర్‌కు తీసుకెళ్లం. ఆ పార్కును శుభ్రంగా ఉంచేవాళ్లు ఎక్కడ ఉంటారో మాత్రం చెప్పం.

భూమి లెక్క ఇలా ఉంది. ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య ఒప్పందం 1985లో కుదిరింది, 1956 నుంచి నలభై ఏళ్లకు లీజు. 2005లో దాన్ని 1996 నుంచి ముప్పై ఏళ్లకు పొడిగించారు. అప్పుడే బస్తీలున్న సుమారు 1,800 ఎకరాలను లీజు నుంచి తప్పించారు. దాంతో బస్తీవాళ్లు కంపెనీ నేల మీద నుంచి సర్కారు నేల మీదికి వచ్చారు, కదలకుండానే. వాళ్లు కావాలన్నది మాలికానా హక్కు, అంటే సొంత హక్కు. 2018లో జార్ఖండ్ ప్రభుత్వం ఇవ్వజూపింది లీజు, అది కూడా 1985కు ముందు నుంచి ఉన్నవాళ్లకు. చాలామంది వద్దన్నారు. నా మట్టుకు వాళ్ల పట్టుదల సబబే అనిపిస్తుంది. ఈ ఊళ్లో లీజు అంటే ఏమిటో వాళ్లకన్నా బాగా ఎవరికి తెలుసు? ఇప్పుడు బిర్సానగర్‌లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద వేల ఫ్లాట్ల కట్టడం సాగుతోంది. మాంగో, జుగ్సలాయి, ఆదిత్యపూర్‌లను కలుపుకుని 2011లో ఊరి జనం పదమూడు లక్షలు దాటారు. మరి ఆ వేల ఫ్లాట్లు ఏ మూలకు?

1985కు ముందు నుంచి ఉన్నామని చూపించడానికి ఏం కావాలి? పాత రేషను కార్డు, కరెంటు బిల్లు, ఆ చిరునామాకు వచ్చిన ఉత్తరం. టెంపుల్ రిపోర్టు, కోనిగ్స్‌బర్గర్ పటాలు భద్రంగా ఉన్నాయి. బస్తీల చరిత్ర ట్రంకు పెట్టెల అడుగున, చెదలకు దగ్గరగా ఉంది. కనుక సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో క్వార్టరు కేటాయింపు కాగితం ఉన్నా, బస్తీలో తొలి గోడ లేచిననాటి ఫొటో ఉన్నా, అవ్వాతాతల పేరున వచ్చిన కార్డు ముక్క ఉన్నా పారేయకండి. సంఘం ఆఫీసుకు తెండి, నకలు తీసుకుని అసలు మీకే ఇస్తాం. ఆదివారం పొద్దున పది గంటల నుంచి ఎవరో ఒకరం ఉంటాం.