సుఖమును ధర్మమును

సుఖమొక్కటియే జీవితమును ధన్యము చేయునా? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. మన దేశమున చార్వాకులు సుఖమునే పురుషార్థముగా నెంచిరని వారి ప్రతిపక్షులు వ్రాసినారు. వారి స్వమతగ్రంథములు చాలవరకు నశించినవి. గ్రీసు దేశమున సుఖవాదమును బోధించిన ఎపిక్యూరసు గ్రంథములును చాలవరకు నశించినవి. అయినను అతని మరణశాసనము మనకు దక్కినది. దానినిబట్టి నేనీ ప్రశ్నను విచారింపదలచితిని.

ఎపిక్యూరసు క్రీ.పూ. 341లో జన్మించి, క్రీ.పూ. 306 ప్రాంతమున ఏథెన్సు నగరమున నొక తోటలో విద్యాపీఠమును నెలకొల్పెను. అందు స్త్రీలకును, బానిసలకును గూడ ప్రవేశముండెను. సుఖమే పరమప్రయోజనమని యతడు బోధింపగా, విరోధులతనిని భోగలాలసుడని నిందించిరి. ఆ నింద న్యాయమైనది కాదు. దేహమునకు బాధయు, మనస్సునకు కలతయు లేకుండుటయే యతడు చెప్పిన సుఖము. రొట్టెయు, నీరును అతనికి చాలియుండెను. ఎప్పుడైన కొంచెము జున్నుగడ్డ దొరకిన నదియే విందు.

క్రీ.పూ. 270లో మూత్రమార్గమున రాయి అడ్డుపడి, పదునాలుగు దినములు బాధపడి యతడు మరణించెను. ఆ యవసానకాలమున నొక మిత్రునికి జాబు వ్రాయుచు, తనకంటె ముందు గతించిన మెట్రడోరసు బిడ్డలను కాపాడుమని కోరెను. వారిలో బాలికకు యుక్తవయస్సు రాగానే వివాహము చేయవలెననియు, కట్నము తన సొమ్ములోనుండి యీయవలెననియు మరణశాసనమున వ్రాసెను. నలుగురు బానిసలకు స్వేచ్ఛ నొసగెను.

శ్రోతలిచ్చట కొంచెమాగి యాలోచింపవలెను. మరణముతో సమస్తానుభవమును అంతరించునని బోధించినవాడతడు. ఆ బాలిక పెండ్లివలన అతనికి రాగల సుఖమేమి? ఏర్పాటు చేసితినను తృప్తి యప్పుడే కలిగెను గదా యని యతని శిష్యులు చెప్పవచ్చును. నిజమే. కాని బిడ్డ క్షేమము తనంతట తాను విలువగలదని ముందుగా నెంచనివానికి ఆ తృప్తి యెట్లు కలుగును? ధర్మము ముందు నడచినది. తృప్తి దాని వెంట వచ్చినది. ఆ గురువు జీవితము అతని సిద్ధాంతముకంటె పెద్దదని నా యభిప్రాయము.

సుఖము కూడదని నేననను. ఆకొన్నవానికి అన్నమును, రోగికి ఉపశమనమును కలుగవలెనని కోరుట ధర్మమే. అయితే గ్రామమున తండ్రి లేని బిడ్డల భూమికి సంరక్షకుడై నిలిచిన పెద్దమనుష్యుని సంగతి చూడుడు. దానివలన ఆయనకెంత సుఖము కలిగెనని యెవరును లెక్కింపరు. వారికి వయస్సు వచ్చినపుడు భూమిని అప్పగించెనా లేదా యనియే యడుగుదురు. సుఖమునకు లొంగని లెక్క యొకటి కలదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.