డబ్బా టమాటా, కూరగాయల రసం: పోషకాలలో ఏది మిన్న?

కుశనూర్ వంటి సరిహద్దు గ్రామాలలో టమాటా ధర ఏడాది పొడవునా ఒక్కతీరుగా ఉండదు. ఒక కాలంలో గంపలకొద్దీ మిగిలిపోయే పండు మరొక కాలంలో కొనలేని సరుకవుతుంది. అటువంటప్పుడు పట్టణపు పెద్ద దుకాణాలలో దొరికే రేకుడబ్బా టమాటా గాని, సీసా కూరగాయల రసం గాని తాజా పండుకు బదులు కాగలదా అన్నది ఆలోచించవలసిన విషయం.

తాజా టమాటా 100 గ్రాములలో సుమారు 94 గ్రాములు నీరే. శక్తి 18 కేలరీలు, సి విటమిన్ 14 మిల్లీగ్రాములు, పొటాషియం 237 మిల్లీగ్రాములు, సోడియం 5 మిల్లీగ్రాములు మాత్రమే. డబ్బాకెత్తునప్పుడు పండు తోలు తీసి, దాని రసంతోనే నింపి, మూత బిగించి వేడిచేస్తారు. ఆ వేడికి సి విటమిన్ కొంత నశించును గాని ఖనిజములు చాలావరకు నిలుచును. ముక్కలు చెదరకుండా కాల్షియం క్లోరైడ్ కలిపిన డబ్బాలలో కాల్షియం తాజా పండులో కన్న ఎక్కువే.

వేడి వలన నష్టమే కాదు, లాభమూ కలదు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ ఉడికినకొద్దీ కణముల నుండి విడివడి ఒంటికి సులువుగా పట్టును. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో టమాటాలను 88 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేసి చూడగా సి విటమిన్ 29 శాతం తగ్గింది. లభించే లైకోపీన్ మాత్రం రెండున్నర రెట్లు దాటింది. లైకోపీన్ నూనెలో కరుగును. అందుచేత పోపు వేసిన టమాటా పప్పు, పచ్చడి ఈ విషయంలో ఏ డబ్బాకూ తీసిపోవు.

ఇక కూరగాయల రసం. ఈ కోవలో ప్రసిద్ధమైన వి-8 అమెరికాలో 1933లో పుట్టినది. ఎనిమిది కూరగాయల పేర్లున్నా అందులో అధికభాగం టమాటాయే. క్యారెట్ మొదలైనవి చేరడం వలన ఎ విటమిన్ ఎక్కువ. సి విటమిన్ విడిగా కలుపుతారు గనుక అదీ ఎక్కువే. ఈ రెండింటిలో రసానిదే పైచేయి. అయితే పిప్పి తీసివేయుటచే పీచు తగ్గును, ఆకలీ తీరదు.

అసలు చిక్కు ఉప్పుతోనే. వి-8 సాధారణ రకం ఒక గ్లాసులో, అనగా 240 మిల్లీలీటర్లలో, సోడియం సుమారు 640 మిల్లీగ్రాములు. ఉప్పు తగ్గించిన రకంలో 140. రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. డబ్బా టమాటాలోనూ ఉప్పు వేసినవి, వేయనివి రెండూ ఉంటాయి. చీటీపై సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తేలుతుంది: 640 అంటే 1.6 గ్రాములు. రొట్టెలోకి పచ్చడి, ఊరగాయ తప్పని ఇంటిలో, రక్తపోటు ఉన్న పెద్దలకు ఆరోగ్యపానీయమని ఈ రసం రోజూ ఇవ్వడం తెలివైన పని కాదు. మూత్రపిండాల జబ్బు గలవారు పొటాషియం కారణంగా రెండింటికీ వైద్యుని అడగవలెను.

కూరకైతే ఉప్పు వేయని డబ్బా మేలు. ప్రయాణంలోనో, నమలలేని వారికో ఉప్పు తక్కువ రసం పనికివచ్చును. ఉబ్బిన డబ్బాను ఎంత చవకకు ఇచ్చినా కొనరాదు. తెరిచిన డబ్బాలో మిగిలినదాన్ని రేకులోనే ఉంచక గాజు లేదా స్టీలు గిన్నెలోకి మార్చి, చల్లని చోట ఉంచి, రెండు మూడు రోజులలో వాడుకోవలెను.